నేలకి దిగిన భద్రమ్మ

ఇటు తిరిగి పడుకో కన్నా. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఆఁ, ఇప్పుడు చెప్తాను. నువ్వు ఊఁ కొడుతూ ఉండాలి మరి. ఊఁ మానేశావంటే నాకు కథ మర్చిపోయే జబ్బుంది.

అనగా అనగా, ఏటికి ఇవతలి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊరి పేరు పోగులపాడు. ఊరంతా కలిపి ఒకటే వీధి. ఆ వీధిలో అందరూ నేతగాళ్ళే. ఏ ఇంట్లో చూసినా మగ్గం, ఏ అరుగు మీద చూసినా రాట్నం.

తెల్లారేసరికి వీధి పొడుగునా పడుగులు సాగదీసేవాళ్ళు. పడుగంటే తెలుసా? చీరలో నిలువుగా ఉండే దారాలన్నీ కలిపి పడుగు. ఒక్కో పడుగులో రెండు వేల పోగులు. ఈ చివర నలుగురు, ఆ చివర నలుగురు పట్టుకుని బిగించి లాగితే, మధ్యలో వాళ్ళు గంజి పూసి కుంచెతో దువ్వేవాళ్ళు. పసుపు పడుగు, ఆ పక్కన ఆకుపచ్చ పడుగు, ఆ పక్కన నీలం. పొద్దున్నే మంచులో అవన్నీ తడితడిగా మెరుస్తూ ఉండేవి. చూస్తూ ఉంటే మళ్ళీ నిద్రొచ్చేది.

ఆ వీధిలో భద్రమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ పని అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోతుంది కదా, అప్పుడు పాత పోగు కొసనీ కొత్త పోగు కొసనీ పక్కపక్కన పెట్టి, వేళ్ళకి కాస్త బూడిద అద్దుకుని, ఇలా తిప్పాలి. ఇలా. నీ వేలు ఇయ్యి, చూపిస్తాను. ముడి కనపడకూడదు, లాగితే ఊడకూడదు. ఒక్కో పోగే, రెండు వేలసార్లు. భద్రమ్మ అతికితే ఆ పోగుకి తను అతుక్కున్నానన్న సంగతే తెలిసేది కాదు.

ఎదురింట్లో గవరమ్మ ఉండేది. భద్రమ్మకీ గవరమ్మకీ పొద్దున లేస్తే పోట్లాట. నీ గంజి నా వాకిట్లో ఒలికిందంటే, నీ కోడి నా నూలు పీకిందని. ముప్ఫై ఏళ్ళనించీ ఒక్కరోజు కూడా మానలేదు. జ్వరమొచ్చిన రోజు కూడా మంచంలోంచే తిట్టుకునేవాళ్ళు.

ఇంకొక మనిషి సంగతి చెప్పాలి. భద్రమ్మకి ముత్యాలని ఒక చెల్లెలు. ఏటి అవతల, తూర్పున ఉండేది. ఏటేటా మామిడికాయల రోజుల్లో ముత్యాలు గంపెత్తుకుని ఏరు దాటి వచ్చేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని ముక్కలు కొట్టి ఆవకాయ పెట్టేవాళ్ళు. పెట్టినంతసేపూ చిన్నప్పటి కబుర్లు చెప్పుకుని నవ్వేవాళ్ళు. భద్రమ్మకి ఏడాదంతా ఒక ఎత్తు, ఆ మూడు రోజులూ ఒక ఎత్తు.

సరే. ఆ ఊరి వాళ్ళకి పెద్దవాళ్ళంటే మహా భక్తి. ఎంత భక్తంటే, వాళ్ళకొక ఆచారం ఉండేది. సాగదీసిన పడుగులో తెగిన పోగు ఎవరి కంటికి ఆనదో, వాళ్ళకి వయసు మీదపడినట్టే లెక్క. ఇక ఆ రోజే వాళ్ళని కూర్చోబెట్టేసేవాళ్ళు. అరుగు మీద టేకు కుర్చీ వేసి, దాని మీద దూది పరుపు పరిచి, మెడలో బంతిపూల దండేసి, మేళం పెట్టి మరీ కూర్చోబెట్టేవాళ్ళు. ఆ రోజునించి వాళ్ళకి ఎవరూ పని చెప్పకూడదు. వాళ్ళని ఎవరూ ఒక్క మాట అనకూడదు. చెడ్డ కబురేదీ వాళ్ళ చెవిన పడకూడదు. తినడం, కూర్చోవడం, చల్లగా ఉండండని దీవించడం, అంతే.

వినడానికి బాగానే ఉంది కదూ? మీ అమ్మ కూడా మొన్న నాకు మెత్తటి దిండొకటి తెచ్చి, "నువ్వు కదలకుండా కూర్చో అమ్మా" అంది. మంచి పిల్లే పాపం. సరే, కథలోకి వద్దాం.

ఒక మాఘమాసం పొద్దున భద్రమ్మ పడుగు దువ్వుతోంది. నీలం పడుగు, పైన మంచు. అందులో ఒక పోగు తెగి వేళ్ళాడుతోంది. భద్రమ్మ దాని పక్కనించే వెళ్ళింది, చూడలేదు.

అప్పుడు గవరమ్మ అటు చివర్నించి, "అదిగో తెగిన పోగు! భద్రమ్మకి ఆనలేదు!" అని కేకేసింది. కేకేశాక నాలిక్కరుచుకుంది. కానీ వీధంతా వినేసింది. అప్పటికప్పుడు మేళగాళ్ళు వచ్చేశారు.

ఆ సాయంత్రమే భద్రమ్మని కూర్చోబెట్టారు. కొడుకు నాగలింగం కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కోడలు కనకరత్నం పాలూ పంచదారా ఇచ్చింది. అతికే పని ఇక కోడలిదే. భద్రమ్మ వేళ్ళకున్న బూడిద కడిగేసి, కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాశారు. వేళ్ళు మెత్తగా అయిపోయాయి.

ఆ తర్వాత రోజులు వెన్నలా జారిపోయాయి. పొద్దున పాలు, మధ్యాహ్నం పరమాన్నం, మధ్యలో కునుకు. ఎవరూ ఏమీ అడగరు. "ఉప్పు సరిపోయిందా అత్తా" అని కూడా అడగరు, అడిగితే ఆవిడకి ఆలోచించే శ్రమ. భద్రమ్మ ఏదన్నా అంటే, "అలాగే అమ్మా, మీ ఇష్టం" అంటారు. అని మళ్ళీ వాళ్ళకి తోచిందే చేస్తారు.

పదిహేను రోజులకి భద్రమ్మకీ పరుపుకీ మధ్య గాలి దూరింది. మొదట బెత్తెడు లేచింది. ఆ తర్వాత జానెడు లేచింది. ఆ తర్వాత మూరెడు లేచి, కుర్చీ పైన గాల్లో, కాళ్ళు వేళ్ళాడేసుకుని తేలుతోంది.

ఊఁ కొట్టవేం? ఆఁ, నిజంగానే తేలింది. భద్రమ్మ ఒక్కతే కాదు. ఆ వీధిలో కూర్చోబెట్టిన పెద్దవాళ్ళందరూ తేలేవాళ్ళే.

మరి ఊరి వాళ్ళు భయపడ్డారా? లేదు. వాళ్ళు సంబరపడ్డారు! "మా నాన్న పుణ్యం పండింది, దేవతల్లాగా నేల మీద కాలు పెట్టట్లేదు" అని ఒకడు. "మీ నాన్న మూరెడే, మా మేనత్త రెండు మూరలు లేచింది" అని ఇంకొకడు. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు కూడా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎంత ఎత్తు లేచారని అడిగేవాళ్ళు. గాలికి ఎగిరిపోకుండా మెత్తటి నూలు తాడు పేని, నడుముకి కట్టి, రెండో కొస అరుగు స్తంభానికి ముడేసేవాళ్ళు. ఎంత లేస్తే అంత మర్యాద చేసేవాళ్ళు. ఎంత మర్యాద చేస్తే అంత లేచేవాళ్ళు.

కానీ భద్రమ్మకి ఒక భయం ఉంది. అంతకు ముందటి ఆషాఢంలో కోటిలింగం అనే తాతకి ఏమైందో ఆవిడ కళ్ళారా చూసింది. ఆషాఢం గాలి ఊరికే వీచదు కన్నా, ఏటి నీళ్ళని కూడా వెనక్కి తోస్తుంది. ఆ గాలికి కోటిలింగం తాడు పుటుక్కున తెగింది. తాత గిరగిరా తిరుగుతూ తూర్పుగా మబ్బుల్లోకి వెళ్ళిపోయాడు. ఊరి వాళ్ళు చేతులు జోడించి, "బొందితో స్వర్గానికి పోయాడు" అన్నారు. కానీ పోతూ పోతూ తాత కిందికి చేతులు చాపడం భద్రమ్మ చూసింది. అప్పుడామె పడుగు పట్టుకుని ఉంది. వదిలేస్తే మట్టవుతుందని వదల్లేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తన నడుం తాడు ముడి తడిమి చూసుకునేది.

ఇప్పుడు తన వంతు వచ్చింది. మళ్ళీ ఆషాఢం వచ్చే లోపల నేలకి దిగాలి. దిగకపోతే ఆ మబ్బులే గతి. ముత్యాలుని ఇక చూడను కూడా చూడదు.

అయితే తేలడంలో ఒక సుఖం ఉంది, అదే దాని మాయ. నెల తిరిగేసరికి భద్రమ్మ ఇంటి కప్పు కన్నా ఎత్తుకి లేచింది. పైన చల్లగా ఉంటుంది. మబ్బు తునకలు చెంపలకి తడి తగిలించి వెళ్తాయి. చిలకలు పక్కనించే ఎగురుతూ ఏదో గొణుక్కుంటాయి. కింద పడుగులన్నీ రంగురంగుల గీతల్లా కనిపిస్తాయి, మనుషుల మాటలు నీళ్ళ అడుగునించి వచ్చినట్టు వినిపిస్తాయి. కళ్ళు వాలిపోతాయి. ఒకరోజు భద్రమ్మకి తన కొడుకు పేరు ఎంతకీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోయినా బాధ కూడా కలగలేదు. ఆ తర్వాత గుర్తొచ్చాక మాత్రం ఒళ్ళు జలదరించింది.

వైశాఖం వచ్చింది. మామిడికాయలొచ్చాయి. ముత్యాలు రాలేదు.

"మా చెల్లెలు రాలేదేమే?" అని పైనించి అడిగింది భద్రమ్మ.

"చిన్నత్తకి కాళ్ళ నొప్పులట అత్తా. వచ్చే ఏడు వస్తానంది" అంది కనకరత్నం, తల ఎత్తకుండా.

అంత ఎత్తునించి భద్రమ్మకి ఏటి అవతల ఇళ్ళ కప్పులు కనిపిస్తాయి. దూరాన ఉన్నవి ఆమె కంటికి ఇంకా బాగానే ఆనేవి. ముత్యాలు ఇంటి కప్పు మీద పొగ లేదు. ఒకరోజు చూసింది, రెండు రోజులు చూసింది. పదోరోజున కొడుకుని అడిగింది. "గ్యాసు పొయ్యి కొనుక్కుందిలే అమ్మా" అన్నాడు నాగలింగం. పోనీలే, దాని కళ్ళకి పొగ తప్పిందని సంతోషించింది పిచ్చి తల్లి.

అప్పుడొక చిత్రం జరిగింది. ఒక పొద్దున గవరమ్మ తన పసుపు పడుగుకి గంజి పూసి ఆరబెట్టుకుంది. పైన తేలుతున్న భద్రమ్మ కొంగు మబ్బుకి తడిసి, ఆ పడుగు మీద టపటపా నీళ్ళు కారుస్తోంది. గవరమ్మ చూసింది. ఒక నిమిషం పళ్ళు బిగబట్టుకుంది. మూడు నెలలనించీ ఆవిడకి పోట్లాడ్డానికి మనిషి లేక నోరు చప్పబడిపోయి ఉంది. ఇక ఆగలేకపోయింది.

"ఏం భద్రమ్మా, కళ్ళు నెత్తికెక్కాయా! నా పడుగంతా నాశనం చేస్తున్నావు, ఆ కొంగు దోపుకోవడానికి చేతులు పడిపోయాయా!"

వీధంతా కొయ్యబారిపోయింది. కూర్చోబెట్టిన మనిషిని తిట్టింది!

భద్రమ్మకి మాత్రం చెవుల్లో ఎవరో దూది తీసేసినట్టయింది. "నీ పడుగు నా ఇంటి ముందుకి ఎందుకు లాగావే? నీ వాకిలి గొడ్డుపోయిందా?" అంది. అంటూనే సర్రున జానెడు కిందికి దిగింది.

గవరమ్మ కూడా అది చూసింది. ఇంకో మాట అనడానికి నోరు తెరిచింది. ఈలోగా పెద్దమనుషులొచ్చి గవరమ్మని లోపలికి లాక్కుపోయారు. వారం రోజులు వీధిలోకి రాకూడదన్నారు. పుణ్యం తగ్గిపోయిందని నాగలింగం వాళ్ళమ్మకి ఆ రోజు రెట్టింపు పరమాన్నం పెట్టించాడు. సాయంత్రానికి ఆ జానెడూ మళ్ళీ లేచిపోయింది.

కానీ భద్రమ్మకి దిగే కిటుకేమిటో తెలిసిపోయింది. ఆ రోజు కోడల్ని కేకేసింది. "కనకం, నన్నేదన్నా అనవే. పోనీ ఏదన్నా పని చెప్పు. నాకు దిగాలనుంది."

కనకరత్నం చెంపలేసుకుంది. "తప్పు అత్తా, నేను మిమ్మల్ని అనడమా!" అంది. ఆ తర్వాత ఆలోచించింది. మంచి పిల్ల, అత్తంటే ప్రేమ ఉన్న పిల్ల. ఒక రాట్నం పైకి అందించి, "కండెలు చుట్టండి అత్తా, మగ్గానికి కావాలి" అంది. కండెంటే మగ్గంలో అటూఇటూ పరిగెత్తే దారం చుట్టిన పుల్ల.

భద్రమ్మ ప్రాణం లేచొచ్చింది. గాల్లోనే రాట్నం ఒళ్ళో పెట్టుకుని రోజంతా చుట్టింది. పదిహేను కండెలైతే బుట్టలో వేసి దింపింది. రోజుకి వేలెడు చొప్పున దిగుతోంది కూడా.

నాలుగోరోజు పైనించి పెరటి వైపు చూసింది. పెరట్లో కనకరత్నం కూర్చుని, భద్రమ్మ చుట్టిన కండెలన్నీ విప్పుతోంది. విప్పి ఆ నూలే మళ్ళీ చిలపగా, అంటే దారపు చుట్టగా చేసి, రేపు మళ్ళీ అత్తకి ఇవ్వడానికి పక్కన పెడుతోంది.

భద్రమ్మ రాట్నం తిప్పడం ఆపేసింది. ఆమెకి ఏడుపు కూడా రాలేదు. అలా చూస్తూ చూస్తూ ఒక్కసారిగా నాలుగు మూరలు పైకి లేచిపోయింది. తాడు ఉన్నదంతా అయిపోయి బిగుసుకుంది. రాట్నం చేతిలోంచి జారి పెరట్లో పడి విరిగింది.

కనకరత్నం తలెత్తి చూసింది. అత్త ఒక మబ్బు పక్కన, ఆరేసిన చీరంత పల్చగా కనిపించింది. ఆ పిల్లకి అప్పుడు అర్థమైంది. సిగ్గుతో కండెలు ఒళ్ళో వేసుకుని చాలాసేపు ఏడ్చింది.

అలా జ్యేష్ఠం కూడా అయిపోయింది. ఆషాఢం మొదటి రోజు. గాలి ఇంకా లేవలేదు, కానీ ఏటి మీద నీళ్ళు నల్లబడ్డాయి. మగ్గం మీద పాత పడుగు అయిపోయింది. ఇక అతకాలి. కనకరత్నం పొద్దున్నించి అతుకుతోంది. నూరు పోగులతికితే ముప్ఫై ఊడిపోతున్నాయి. వేళ్ళు వాచిపోయాయి. రెండు వేల పోగులూ తల్చుకుంటే ఆ పిల్లకి కళ్ళు తిరిగాయి. నాగలింగం అటూ ఇటూ తిరుగుతూ విసుక్కుంటున్నాడు.

అప్పుడు కనకరత్నం మగ్గం దగ్గర్నించి లేచింది. రెండు చేతులూ బూడిదతోనే వీధిలోకి వచ్చి, తలెత్తి పెద్దగా అరిచింది.

"అత్తా! నాకు రావట్లేదు! మొదట్లో ఎటు తిప్పాలి, లోపలికా బయటికా? ఒక్కసారి చెప్పి చావకూడదా!"

అలా అన్నాక తనే నోరు మూసుకుంది. కానీ పైన తాడు వదులైంది. భద్రమ్మ మెల్లిమెల్లిగా, నీళ్ళలో మునిగే ఇత్తడి చెంబులాగా దిగుతోంది. "లోపలికే, మొద్దుమొహమా! లోపలికి రెండు తిప్పులు, ఆ తర్వాత బయటికి ఒకటి! ఇన్నాళ్ళూ అడగవేం?" అని దిగుతూనే కేకలేస్తోంది.

ఇంట్లోకి తీసుకెళ్ళి మగ్గం ముందు పెట్టారు. భద్రమ్మకి కొసలు కనిపించడం లేదు. కనకరత్నానికి వేళ్ళు తిరగడం లేదు. అందుకని కోడలు రెండు కొసలూ ఏరి అందిస్తుంటే, అత్త తిప్పుతోంది. కోడలి కళ్ళు, అత్త వేళ్ళు. మధ్యాహ్నానికి వెయ్యి పోగులు దాటాయి. ఒక్కటీ ఊడలేదు. చెమట పట్టింది, ఆకలేసింది, నడుం నొప్పెట్టింది. భద్రమ్మకి ప్రాణం హాయిగా ఉంది.

కానీ కన్నా, ఇంకా పూర్తిగా దిగలేదు. ఇంత పని చేసినా కాళ్ళకీ నేలకీ మధ్య జానెడు ఖాళీ అలాగే ఉంది. ఎంత సాగదీసినా బొటనవేలు ఆనడం లేదు. ఎందుకో భద్రమ్మకి తెలియలేదు. కనకరత్నానికి తెలుసు. తెలిసి తలొంచుకుంది.

అప్పుడు గాలి లేచింది.

ఆషాఢం గాలి కిటికీ తలుపులు ధడేల్న తోసుకుని లోపలికొచ్చింది. జానెడు ఎత్తులో ఉన్న భద్రమ్మని అమాంతం ఎత్తుకుని వాకిట్లోకి తీసుకుపోయింది. నడుం తాడు స్తంభం దగ్గర బిగిసి, ఒక్కో పురీ తెగుతోంది. కనకరత్నం పరిగెత్తుకెళ్ళి అత్త రెండు కాళ్ళూ పట్టేసుకుంది. ఆ పిల్ల మడమలు కూడా లేస్తున్నాయి. వీధి పొడుగునా మిగిలిన పెద్దవాళ్ళు తాళ్ళ చివర గాలిపటాల్లా ఊగిపోతున్నారు. జనం అరుగుల మీదికొచ్చి చేతులు జోడించి నిలబడ్డారు.

భద్రమ్మ గాలి ఎటు వీస్తోందో చూసింది. తూర్పుకి వీస్తోంది. ఆమె మొహం వెలిగింది.

"వదిలెయ్యవే కనకం" అంది. "ఈ గాలి ఏటి అవతలికే పోతోంది. మా ముత్యాలు ఇంటి ముందు దిగుతాను. దాన్ని ఒకసారి చూస్తాను. వదిలెయ్యి తల్లీ, నాకేం భయం లేదు."

కనకరత్నం ఇంకా గట్టిగా పట్టుకుంది. వెనకనించి నాగలింగం వద్దని తల ఊపుతున్నాడు. పెద్దమనుషులు వద్దని చేతులు ఊపుతున్నారు. కనకరత్నం వాళ్ళ వైపు చూడలేదు.

"అక్కడ ఎవరూ లేరు అత్తా" అంది. "చిన్నత్త పోయింది. ఉగాది వెళ్ళిన నాలుగోరోజున పోయింది. మీకు చెప్పలేదు. అందరం వెళ్ళొచ్చాం, తలకి స్నానాలు చేశాం, మీకు మాత్రం చెప్పలేదు."

గాలి అలాగే వీస్తోంది. కానీ భద్రమ్మ ఊగడం ఆగిపోయింది. ఒక్క క్షణం గాల్లో బండరాయిలా నిలబడింది. ఆ తర్వాత దబ్బున కింద పడింది. రెండు పాదాలూ వీధిలో బురదలో చీలమండల దాకా దిగబడ్డాయి. తాడు తెగి ఎటో ఎగిరిపోయింది. ఆమెని మాత్రం ఆ గాలి ఒక్క వెంట్రుక వాసి కదపలేకపోయింది.

భద్రమ్మ ఏడ్చింది కన్నా. మోకాళ్ళ మీద కూలబడి, నేలని అరచేతులతో కొడుతూ, "ముత్యాలూ, నా తల్లీ" అని వీధంతా వినేలా ఏడ్చింది. ఆ తర్వాత కోడలి జబ్బ పట్టుకుని కుదిపేసింది. "మూడు నెలలా! పది రోజులు ఆ పొగ కోసం చూశానే! నాకెందుకు చెప్పలేదే?"

"మీరు తట్టుకోలేరని అత్తా."

"తట్టుకోలేనా? నా మొగుణ్ణి సాగనంపాను. ఇద్దరు పిల్లల్ని ఈ చేతులతో మట్టిలో పెట్టాను. నా చెల్లెలి కోసం ఏడవడానికి నాకు వయసు చాలదన్నారా మీరు?"

కనకరత్నం కూడా నేల మీద చతికిలపడింది. అత్త ఒళ్ళో తలపెట్టుకుని తనూ ఏడ్చింది. నాగలింగం వచ్చి పక్కనే బురదలో కూర్చున్నాడు. అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది. గవరమ్మ ఒక చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చి, ఒక్క తిట్టు కూడా లేకుండా భద్రమ్మ మొహం కడిగింది.

ఇదంతా వీధి మొత్తం చూసింది. ఆ తర్వాత ఒకాయన పైన ఊగుతున్న తండ్రి వైపు తిరిగి, "నాన్నా! నీలిరంగు తొట్టి పాడైపోయింది, మూడుసార్లు కాచినా రంగు పట్టట్లేదు, ఏం కలపాలి?" అని అరిచాడు. పక్కింటావిడ, "అమ్మా, బెల్లం డబ్బా నువ్వే కదూ ఖాళీ చేశావు, నాకు తెలుసు!" అని కేకేసింది. ఇంకొకామె ఏడుస్తూ, మేనత్త నించి దాచిన కబురేదో చెప్పేసింది. వీధంతా ఒకటే గోల. అడిగేవాళ్ళు, తిట్టేవాళ్ళు, ముక్కు చీదేవాళ్ళు. ఒక్కొక్కరే దిగారు. ఒకాయన బురదలో పడి, "నడుం విరిగింది కదరా వెధవల్లారా" అన్నాడు. ఆ తిట్టుకి అందరూ నవ్వారు.

కోటిలింగం తాత మాత్రం రాలేదు. తూర్పుకి తిరిగి ఊరంతా పిలిచారు. నేను అబద్ధం చెప్పను, ఆయన మరి రాలేదు.

గాలి తగ్గాక భద్రమ్మ ఏరు దాటింది. ఎవరూ ఎత్తుకోలేదు, తనే నడిచింది. ఒక పక్క కనకరత్నం, ఒక పక్క గవరమ్మ. దారిలో మూడుచోట్ల కూర్చుని అలుపు తీర్చుకుంది. ముత్యాలు ఇంటి తాళం తీసి, చల్లారిపోయిన పొయ్యి దగ్గర ఆ పూటంతా కూర్చుంది. పొయ్యి పక్కన గోడకి ముత్యాలు చేతి పసుపు మరకలు ఇంకా ఉన్నాయి. వాటిని వేళ్ళతో తడుముకుంది. తలకి స్నానం చేసి, తిరిగి వచ్చింది.

ఆ ఊళ్ళో కుర్చీలు తీసెయ్యలేదు. అలిసినవాళ్ళు ఎవరైనా కూర్చునేవాళ్ళు, అలుపు తీరాక లేచేవాళ్ళు. చూపు ఆనని వాళ్ళ పక్కన చూపున్న వాళ్ళు నిలబడేవాళ్ళు. మేళగాళ్ళు పెళ్ళిళ్ళకి మాత్రమే వచ్చేవాళ్ళు.

నెల్లాళ్ళకి భద్రమ్మకి ఏడుపు కాస్త సర్దుకుంది. ఒక పొద్దున వాన వెలిశాక వీధి పొడుగునా ఆకుపచ్చ పడుగు సాగదీస్తున్నారు. ఈ చివర్నించి కనకరత్నం పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తోంది. భద్రమ్మ సరిగ్గా ఆ దారికి అడ్డంగా నిలబడి, ఇటు పట్టండి, అటు లాగండి అని అందరికీ పెత్తనం చేస్తోంది.

కనకరత్నం వెనక్కి తిరగకుండానే, "అబ్బ, అడ్డం లే అత్తా!" అంది.

వీధిలో వాళ్ళంతా భద్రమ్మ కాళ్ళ వైపు చూశారు. కాళ్ళు నేల మీదే ఉన్నాయి. భద్రమ్మ ఏదో గొణుక్కుంటూ, చీర కాస్త ఎత్తి పట్టుకుని, తడి నేల మీద ఒక్కో అడుగే వేసుకుంటూ పక్కకి జరిగింది. అన్నాళ్ళకి ఆమె మొహంలో నవ్వు వచ్చింది.

అయిపోయింది. నిద్రపోయావా? కాలు నా మీద వేశావు, బరువుగా ఉంది. ఉండనీలే.

కథేమో కంచికి కాలినడక,
మనకేమో ఇంట్లో మంచి పడక.
అమ్మమ్మ కొంగే నీకు దుప్పటి,
ఆవలింతొస్తే ఆపకు ఒక్కటి.